ఆ అనిపించే మేస్త్రీ

మా మేస్త్రీ గారు మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టరు, గొంతు చూసి గుర్తుపడతారు. ఒకసారి బస్టాపులో మాతో పనిచేసే పెద్దక్క ఎదురుపడి "బావున్నారా మేస్త్రీ గారూ" అంటే, ఎవరో దారి అడుగుతున్నారనుకుని చేత్తో ఆస్పత్రి వైపు చూపించారట. బస్సు ఎంతకీ రాలేదు. విసుగెత్తి పెద్దక్క ఆవులించింది. "ఓ, నువ్వా! ఎడమ టాన్సిల్ మీద ఆ గుంట చూడగానే అనుకున్నా," అని అప్పుడు పలకరించారట. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళు ఉంటారంటారు. మేస్త్రీ గారికి పేగులతో పని లేదు. ఆయన కొండనాలుక దగ్గరే ఆగిపోతారు.

పొద్దున మేం పనికి వచ్చేసరికి షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడి ఉండేవారు, చేతిలో పెన్ను లావున్న టార్చితో.

"నమస్కారం మేస్త్రీ గారూ."

"ఆ అను."

"వానలో తడిసి వచ్చానండీ, కాస్త లోపలికి..."

"ఆ అను."

నాలుక నొక్కడానికి ఎవరి చెంచా వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఆ చెంచాలన్నీ రంగురంగుల దారాలతో తలుపు పక్కన మేకులకి వేలాడుతూ ఉండేవి. కొత్తగా చేరినవాళ్ళు వాటిని చూసి, ఇక్కడ టిఫిన్ పెడతారనుకుని సంబరపడేవాళ్ళు.

మేం చేసేది ఈలలు. ఆటల మాస్టార్లు, ట్రాఫిక్ పోలీసులు, కాపలావాళ్ళు ఊదే ఇత్తడి ఈలలు. ఒకరు రేకు వంచుతారు, ఒకరు అతుకుతారు, ఒకరు లోపల బెండు గుండు వేస్తారు. ఊది చూడటం నా పని. సరిగ్గా పలికినవాటిని పెద్దక్క వేడినీళ్ళలో కడిగి, ఎండబెట్టి, పెట్టెల్లో సర్దుతుంది. ఊదగా ఊదగా సాయంత్రానికి దవడలు పట్టేస్తాయి. ఇంటికి పోయాక కూడా చెవుల్లో ఈల ఆగదు. ఒక రాత్రి వంటింట్లో కుక్కర్ కూత వేస్తే, నిద్రమత్తులో "ఇది బాగాలేదు, పక్కన పెట్టు" అన్నానట. మా ఆయన నిజంగానే పక్కన పెట్టారు. అన్నం పలుకయింది.

తలుపు లోపలి వైపు మేకుకి తల్లి ఈల ఉండేది. షెడ్డులో తయారయ్యే ప్రతి ఈలా దానిలాగే పలకాలి. పని మొదలయ్యే ముందు మేస్త్రీ గారు దాన్ని ఊదేవారు. తర్వాత వరసగా అందరం తలా ఒకసారి ఊది, ఆ స్వరం చెవిలో పెట్టుకుని మా చోట్లకి పోయేవాళ్ళం. అది మా షెడ్డు పద్ధతి. మేస్త్రీ గారి కంటే ముందున్న మేస్త్రీ నాటి నుంచీ అంతే. ఒక్కసారి కడిగితే బెండు గుండు తట్టుకుంటుంది గానీ, రోజూ కడిగితే ఉబ్బిపోయి స్వరం మారిపోతుంది. అందుకని తల్లి ఈలకి నీళ్ళు తగలనిచ్చేవారు కాదు. మా చెంచాలు, గ్లాసులు, చివరికి తలుపు గొళ్ళెం కూడా మరిగే నీళ్ళతో కడిగించే మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం చొక్కా అంచుతో ముద్దుగా తుడిచి మేకుకి తగిలించేవారు.

మిగతా చట్టాలన్నీ ఆయనవే. ఒకరి గ్లాసు ఒకరు తాకకూడదు. ఒకరి తువ్వాలు ఒకరు వాడకూడదు. మాట్లాడుకునేటప్పుడు మధ్యలో ఒక మూర దూరం ఉండాలి. అన్నిటికంటే వింత చట్టం దగ్గుకి సంబంధించింది.

"మేస్త్రీ గారూ, గొంతు నొప్పండీ."

"దగ్గు, జలుబు ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"అయితే మామూలు రొంపే. గోడ వైపు తిరిగి కూర్చుని పని చేసుకో."

ఇంకొకరు వచ్చేవారు. "నాకు దగ్గూ లేదు, జలుబూ లేదండీ. మింగితే నొప్పి, కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది, అంతే."

"అంతేనా? అయితే ఇంటికి పో!"

ఒకరోజు యజమాని ఇది చూసి నివ్వెరపోయారు. "ఇదేం న్యాయమయ్యా? దగ్గేవాణ్ణి లోపల కూర్చోబెట్టి, నిక్షేపంగా ఉన్నవాణ్ణి ఇంటికి పంపుతున్నావు?"

"నిక్షేపంగా ఉన్నవాడే ప్రమాదమండీ. ఆ పురుగు దగ్గించదు. సడి లేకుండా దిగుతుంది. గొంతు నొప్పే కదా అని ఊరుకుంటే, గొంతులో దిగిన చుట్టం కీళ్ళ గదులన్నీ తిరిగి, చివరికి గుండెలో..."

"మంచం వేసుకుంటాడు," అని షెడ్డంతా ఒక్కసారిగా అందించేది. రోజుకి ఒకసారైనా వినే మాట కాబట్టి ఎవరికీ తడుముకునే పని లేదు.

ఈ పరీక్షని దాటడానికి మావాళ్ళు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. అతుకులు వేసే కుర్రాయన పనిలో చేరిన మొదటి రోజు ఇస్త్రీ చొక్కా, సెంటూ వేసుకొచ్చాడని అందరం పెళ్ళికొడుకు అని పిలిచేవాళ్ళం. గొంతు ఎర్రబడిన రోజు అతను నారింజరంగు బిళ్ళ ఒకటి చప్పరించుకుంటూ వచ్చాడు, అసలు రంగు కనబడకుండా.

మేస్త్రీ గారు టార్చి వేసి చాలాసేపు చూశారు. "ఏరా పెళ్ళికొడకా, నీ గొంతులో సూర్యోదయం అవుతోందే?"

"బిళ్ళ తిన్నానండీ."

"ఊఁ. సూర్యుడి వెనకాల తెల్ల చుక్కలు కూడా ఉన్నాయి. పొద్దు పొడిచాక చుక్కలుండకూడదు. ఇంటికి పో."

ఇంటికి పంపడంతో వదలరు. మందు మొదలుపెట్టి తిరిగి వచ్చినవాళ్ళని రోజూ పట్టుకుని అడిగేవారు. ఒంట్లో ఎలా ఉంది అని కాదు, "మాత్రలు అయిపోయాయా?" అని.

"రెండు రోజులకే తగ్గిపోయిందండీ. బాగానే ఉన్నాను."

"నీ సంగతి ఎవరడిగారు? మాత్రల సంగతి చెప్పు. పది రోజుల మందు పది రోజులూ మింగాలి."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నీ చాదస్తంతో మా పని ఊడేలా ఉంది మేస్త్రీ," అని పెద్దక్క ముఖం మీదే అనేది. వయసులో ఆయన కంటే పెద్దది కాబట్టి ఆమెకి చెల్లేది.

పెద్దక్క ఊరికే అనలేదు. అది ఆటల పోటీల ముందు కాలం. ఎన్ని చేసినా ఇంకా కావాలంటున్నారు. అందరం అలిసిపోయి ఉన్నాం. అలసట కూడా అంటువ్యాధే. ఒకరు ఆవులిస్తే షెడ్డంతా వరసగా ఆవులించేది, ఆ అవకాశం పోనివ్వకుండా మేస్త్రీ గారు వరసగా టార్చి వేసుకుంటూ పోయేవారు.

యజమాని చెడ్డవారేం కాదు. ఓపిక లేని మనిషి, అంతే. గాలితో ఈలలు ఊదే మిషను ఫోటో ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఒక మధ్యాహ్నం దాన్ని అందరికీ చూపించారు.

"చూశారా? దీనికి గొంతు నొప్పి రాదు. మేస్త్రీ దీన్ని ఇంటికి పంపలేడు. ఈ సీజన్లో ఊదే బల్ల మీద ట్రే రెండు రోజులు వరసగా ఖాళీగా కనబడిందా, ఆ కుర్చీ తీసేసి ఇది తెచ్చి పెడతా."

ఊదే బల్ల నాది. ఆ కుర్చీ నాది. మా ఆయన బస్తాలు దింపుతూ నడుం పట్టేయించుకుని, ఆ నెలల్లో ఇంట్లో వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చునేది నేనొక్కదాన్నే అయినా, దాని మీద ఉన్నది ముగ్గురం.

రోగం మా ఇంటికి నీళ్ళ సీసాలో వచ్చింది. మా అమ్మాయి బళ్ళో పక్క పిల్ల సీసా ఎత్తి తాగిందట. ఎత్తి కూడా కాదు, కరుచుకుని. "అమ్మా, ఉమ్ము మింగినా ముల్లు గుచ్చుకుంటోంది," అని సాయంత్రానికి పడుకుంది. జ్వరం కాలిపోతోంది. డాక్టరమ్మ చూసి మందు రాసిచ్చింది. ఆ రాత్రి జావ కాచి తాగిస్తూ, వేడి చూద్దామని అదే చెంచాతో నేనూ ఒక గుక్క తాగాను. షెడ్డులో అన్ని చట్టాలు నేర్చుకున్నదాన్ని, ఇంట్లో అవి గుర్తు రాలేదు.

పిల్ల లేచి తిరగడం మొదలుపెట్టిన రోజు నాకు మొదలైంది. పొద్దున తలుపు దగ్గర నా గొంతు శుభ్రంగానే ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, మింగిన ముద్ద గొంతులో గరుకుగా దిగింది. సాయంత్రం తిరుగుడులో మేస్త్రీ గారు నా బల్ల దగ్గర ఆగారు.

"ఆ అను."

అన్నాను.

"దగ్గుందా?"

దగ్గుంటే ఉంచుతారు కదా. "ఉందండీ," అని శక్తి కొద్దీ దగ్గి చూపించాను.

"అది దగ్గు కాదు, నాటకం." వంగి నా దవడ కింద రెండు వేళ్ళు పెట్టి చూశారు. "బిళ్ళలు కట్టాయి. లే. ఇంటికి పో."

"మేస్త్రీ గారూ, నేను పోతే నా కుర్చీ పోతుంది."

"కుర్చీ సంగతి నేను చూస్తా."

"మీరు గొంతులు చూస్తారు గానీ కుర్చీలేం చూస్తారండీ! ట్రే సగంలో ఉంది. ఇదొక్కటి పూర్తి చేసి..."

"ట్రే సంగతి ట్రే చూసుకుంటుంది. మందు పడ్డాక ఒక రోజు గడిచి, జ్వరం లేకపోతే అప్పుడు రా."

డాక్టరమ్మ దగ్గర మందు రాయించుకుని, దారంతా ఆయన్ని తిట్టుకుంటూ పోయాను. ఇంటికి చేరాక తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. నీళ్ళు తాగాలంటే మెడ ముందుకి చాచి, కళ్ళు మూసుకుని, ఒక్కో గుక్కనీ బతిమాలి లోపలికి పంపాల్సి వచ్చేది. మంచానికి ఆ చివర మా ఆయన నడుంతో, ఈ చివర నేను గొంతుతో. మా అమ్మాయి మా ఇద్దరి మధ్యా కూర్చుని తన మాత్ర తాను వేసుకుంటూ, "మేస్త్రీ తాత పది రోజులూ మింగమన్నారు," అని నన్ను బెదిరించేది. బయట లారీ చప్పుడు లాంటిది వినబడినప్పుడల్లా, ఇప్పుడు ఆ మిషను దింపుతున్నారేమో అనిపించేది. అది లారీ కాదు, పక్కింట్లో రోలు.

జ్వరం తగ్గి, మందు పడ్డాక ఒకటిన్నర రోజు గడిపి షెడ్డుకి పోయాను. కుర్చీ అక్కడే ఉంది. బల్ల మీద ట్రే నిండుగా ఉంది.

"ఎవరు నింపారు పెద్దక్కా?"

"నాకేం తెలుసు? పొద్దున వచ్చేసరికి నిండి ఉంటోంది. యజమాని వచ్చాడు, ట్రే చూశాడు, పోయాడు. నువ్వు లేవని ఆయనకి తెలియనే తెలియదు. ఆయన చూసేది నిన్నా, ట్రేనా?"

మేస్త్రీ గారిని అడిగాను. "ఆ అను," అన్నారు.

ఇక మిగిలింది పెళ్ళికొడుకు. అతని బల్ల నా పక్కదే. "నువ్వేనా బాబూ నా ట్రే నింపింది?" అంటే తల వంచుకుని, "మనుషులన్నాక ఇవన్నీ ఉంటాయి కదక్కా," అన్నాడు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రోజు నుంచి నా క్యారియర్లో కూర సగం అతని డబ్బాలోకి పోయింది. వంకాయ కూర తెచ్చిన రోజు సగం కాదు, మొత్తం పోయింది.

అసలు కథ అప్పుడు మొదలైంది. నేను తిరిగొచ్చిన రెండు మూడు రోజులకి పెళ్ళికొడుకు పడ్డాడు. మర్నాడు రేకు వంచేవాళ్ళలో ఒకరు. తర్వాత పెద్దక్క. పడ్డవాళ్ళని పడ్డట్టే మేస్త్రీ గారు ఇంటికి పంపుతున్నారు. వాళ్ళ బల్లల మీద పని మాత్రం ఎలాగో నడుస్తూనే ఉంది. కానీ పొద్దున తలుపు దగ్గర శుభ్రంగా ఉన్న గొంతులు రెండు రోజులు తిరగకుండా ఎర్రబడుతున్నాయి. ఎవరూ ఎవరి గ్లాసూ తాకలేదు. అందరూ మూర దూరంలోనే ఉన్నారు.

మేస్త్రీ గారికి ఇది పరువు సమస్య అయిపోయింది. "నా టార్చిని దాటి ఎలా వచ్చిందే ఇది?" అని నన్నే అడిగేవారు, నేనేదో దారి చూపించినట్టు. పరీక్ష పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చేశారు. టార్చి వెలుతురు చాలడం లేదని ఇంకొకటి కొన్నారు. రెండు చేతుల్లో రెండు టార్చిలు పట్టుకుని వస్తుంటే, ఎదురుగా లారీ వస్తున్నట్టు ఉండేది.

ఆయన కూడా వాడిపోయి కనిపించారు. మెడకి తువ్వాలు చుట్టుకున్నారు. టీ తెచ్చి పెడితే చల్లారిపోయేదాకా దాని వైపు చూడలేదు. తర్వాత తాగబోయి, మెడ కాస్త ముందుకి చాచి, కళ్ళు మూసుకున్నారు. ఆ మింగడం ఎక్కడో చూశాననిపించింది. అలసటలో అంతకు మించి ఆలోచించలేదు.

ఒక పొద్దున ఇక లాభం లేదని, షెడ్డుకి తాళం వేసి అందరినీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. మందులో ఉన్నవాళ్ళని కూడా కబురు పెట్టి రప్పించారు. డాక్టరమ్మది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక బెంచీ, బరువు చూసే యంత్రం. మేమంతా బెంచీ మీద కొందరం, యంత్రం మీద కొందరం కూర్చున్నాం. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి నిద్ర లేదో.

"మీ షెడ్డులో ఇంకా ఎవరైనా మిగిలారా?"

"అదే అంతుపట్టడం లేదమ్మా," అన్నారు మేస్త్రీ గారు. "అన్నీ కడిగిస్తున్నా. దూరం కూర్చోబెడుతున్నా. ఇదిగో, మీ టార్చి కాస్త పచ్చగా వెలుగుతోంది, సెల్లు మార్పించండి."

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. "ఇది నోటి తుంపర్లలో పోతుంది. దగ్గరగా కూర్చుంటే పోతుంది. ఒకే గ్లాసు, ఒకే చెంచా అయితే సరే సరి. మీలో అందరి నోటికీ తగిలేది ఏదైనా ఉందా?"

అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పెళ్ళికొడుకు నీరసంగా చెయ్యెత్తాడు. "డాక్టరమ్మా, మాది ఈలల షెడ్డండీ. మేం నోట్లో పెట్టుకోనిది ఏదో అడగండి, చెప్తాం."

"ఒకరు ఊదింది ఇంకొకరు ఊదుతారా?"

"ఛ ఛ, లేదమ్మా," అన్నారు మేస్త్రీ గారు. "ఊదేది ఈ అమ్మాయి ఒక్కతే. తర్వాత కడిగేస్తాం. కడగనిది ఒక్క..."

అక్కడ ఆగిపోయారు.

"ఒక్క?" అంది డాక్టరమ్మ.

"తల్లి ఈల," అన్నాం మేమంతా, చుట్టం మంచం గురించి అందించినట్టే.

ఆమె పద్ధతంతా చెప్పించుకుంది. "మొదట ఊదేది ఎవరు?"

అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి. మేస్త్రీ గారు తువ్వాలు సవరించుకున్నారు.

"ఇలా వచ్చి నోరు తెరవండి."

"నాదెందుకమ్మా? నాది చూడక్కర్లేదు. నేను చూసేవాణ్ణి."

అప్పుడు తట్టింది మాకు. ఇన్నేళ్ళలో మేస్త్రీ గారి గొంతు చూసినవాళ్ళు లేరు. అందరి నోళ్ళలోనూ దూరిన ఆ టార్చి, పట్టుకున్న చేతి వైపు ఒక్కసారీ తిరగలేదు.

పెద్దక్క లేచింది. జ్వరం తగ్గి రెండు రోజులే అయింది, అయినా గొంతు లేచింది. "ఆ అనండి మేస్త్రీ గారూ. వానలో నిలబెట్టి అనిపించారు, ఎండలో నిలబెట్టి అనిపించారు. నీడన కూర్చుని అనడానికి మీకేం?"

ఆయన చాలా నెమ్మదిగా నోరు తెరిచారు. డాక్టరమ్మ చూసింది. ఆమె భుజం మీదుగా పెద్దక్క కూడా చూసింది, తన జీవితంలో అంత శ్రద్ధగా దేన్నీ చూడనట్టు.

"సూర్యోదయమా?" అని పెళ్ళికొడుకు అడిగాడు.

"మిట్టమధ్యాహ్నం," అంది పెద్దక్క. "చుక్కలతో సహా."

డాక్టరమ్మ దూది పుల్లతో గొంతు తుడిచి సీసాలో పెట్టింది. "ఇన్ని జాగ్రత్తల మనిషి, మీకెలా తగిలింది? మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"నేను ఒక్కణ్ణేనమ్మా."

"మరి? మొదట పడింది ఈమె అంటున్నారు. ఈమెని వెంటనే పంపేశారు. ఈమె వస్తువు ఏదైనా మీ నోటికి తగిలిందా?"

మేస్త్రీ గారు బరువు చూసే యంత్రం ముల్లు వైపు చూస్తూ గొణిగారు. "ట్రే సగంలో ఉండింది."

"ఏమిటీ?"

"ఈ అమ్మాయి ట్రే. సగంలో వదిలేసి పోయింది కదా. ఏది ఊదిందో ఏది ఊదలేదో తెలియలేదు. అందుకని మొత్తం మళ్ళీ మొదటి నుంచి... అప్పటికప్పుడే కూర్చుని ఊదాను. ఇంకా తడి కూడా ఆరలేదు. మర్నాడు తెల్లారి వచ్చి కొత్త ట్రే ఊదాను."

నేను మెల్లిగా పెళ్ళికొడుకు వైపు తిరిగాను.

"నా వంకాయ కూర?"

"నేనే నింపానని నేనెప్పుడన్నానక్కా?" అన్నాడు వాడు బెంచీలోకి కుంగిపోతూ. "కాదనలేదు. అంతే."

"నా పెట్టెలు సర్దింది?" అంది పెద్దక్క.

మేస్త్రీ గారు ముల్లునే చూస్తున్నారు.

"నా అతుకులు?" అన్నాడు పెళ్ళికొడుకు.

"అవి వంకరగా వచ్చాయి," అన్నారు మేస్త్రీ గారు సిగ్గుపడుతూ. "నాకు అతకడం అంతగా రాదు."

రోగం వచ్చిన దారి అంతా ఇప్పుడు కళ్ళకి కట్టింది. బళ్ళో నీళ్ళ సీసా నుంచి మా అమ్మాయికి, జావ చెంచా మీదుగా నాకు, నా సగం ట్రే నుంచి మేస్త్రీ గారికి, తల్లి ఈల మీదుగా అందరికీ. మా కుర్చీలు నిలబడిన దారీ అదే.

డాక్టరమ్మ ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఆమె ముఖం మారింది. "ఇక్కడ చప్పుడు ఉంది. కొత్తది కాదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా?"

"బళ్ళో చదివేటప్పుడు. గొంతు నొప్పే కదా అన్నారు మా వాళ్ళు. చాలా ఏళ్ళు ఇంజెక్షన్లు పొడిచారు."

"ఎందుకు మానేశారు?"

"పొడిచే డాక్టరు గారు రిటైరయ్యారు. ఆయనతో పాటు నేనూ రిటైరయ్యాను."

"అయితే ఈ గదిలో అందరి కంటే ఈ గొంతు నొప్పి రాకూడనిది మీకే. తెలుసా?"

"తెలుసమ్మా," అన్నారు మేస్త్రీ గారు, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా.

పెద్దక్క మెల్లిగా అంది. "మంచం వేసుకున్నాడన్నమాట." మొదటిసారి ఆ మాటకి మేమెవరం నవ్వలేదు. మేస్త్రీ గారే నవ్వారు. "పాత చుట్టమే. అద్దె ఇవ్వడు, ఖాళీ చెయ్యడు."

ఆయనకి ఇంజెక్షన్ అక్కడికక్కడే వేసి, మాత్రలు కూడా ఇచ్చి, మంచం దిగొద్దని పంపేసింది డాక్టరమ్మ. పెద్ద ఆస్పత్రిలో గుండె చూపించుకోమని ఒట్టు వేయించుకుంది. తాళాలు పెద్దక్క లాక్కుంది.

మర్నాటి నుంచి మేస్త్రీ గారి చోటు ఖాళీ. ఇప్పుడు ఆయన కుర్చీ కాపాడాల్సింది మేము. ఓపిక ఎవరికీ లేదు, సగం మంది ఇంకా మాత్రల మీదే ఉన్నారు. అయినా ఆయన చొక్కా ఒకటి కుర్చీకి తగిలించాం. వెలిగించిన టార్చి బల్ల మీద పెట్టాం. యజమాని వచ్చారు.

"మేస్త్రీ ఏడి?"

"ఇప్పుడే వెనక్కి వెళ్ళారండీ," అంది పెద్దక్క.

మధ్యాహ్నం మళ్ళీ వచ్చారు. "మేస్త్రీ?"

"వెనక్కి వెళ్ళారండీ," అన్నాడు పెళ్ళికొడుకు.

రోజూ ఇదే వరస. ఆయన ట్రేల వైపు చూసేవారు, అన్నీ నిండుగానే ఉండేవి. చివరికి ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అన్నారు. "అమ్మా, పని బాగానే సాగుతోంది. మిషను ఇప్పుడొద్దులే. కానీ మీ మేస్త్రీ మాటిమాటికీ వెనక్కి పోతున్నాడు. కడుపు సంగతి ఒకసారి డాక్టరుకి చూపించుకోమని చెప్పు. ఎప్పుడు చూసినా అందరి గొంతులు చూస్తాడే గానీ, తన ఒళ్ళు చూసుకోడు."

"చెప్తానండీ," అన్నాను.

మేస్త్రీ గారు తిరిగొచ్చిన పొద్దున వాన పడుతోంది. ఆయన గొడుగు ముడుచుకుని గబగబా లోపలికి రాబోయారు. తలుపుకి అడ్డంగా పెద్దక్క నిలబడి ఉంది, చేతిలో టార్చితో. పక్కన నేను, ఇంకో టార్చితో. మా వెనక మేకులకి వరసగా కొత్త తల్లి ఈలలు వేలాడుతున్నాయి, ఎవరి దారం రంగు వాళ్ళకి. పాతది గాజు సీసాలో భద్రంగా మూతపడి ఉంది.

"బావున్నారా మే..." అనబోయాడు పెళ్ళికొడుకు.

"నువ్వుండు," అంది పెద్దక్క. "మేస్త్రీ గారూ, మాత్రలు అయిపోయాయా?"

"ఒంట్లో బాగానే ఉందే..."

"మీ సంగతి ఎవరడిగారు? మాత్రల సంగతి చెప్పండి."

మేస్త్రీ గారు జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించారు. ఖాళీ. పెద్దక్క దాన్ని టార్చి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ అనండి."

"వాన పడుతోందే పెద్దక్కా..."

"ఆ అనండి."

అన్నారు. పెద్దక్క చూసింది. నేను చెంచాతో నాలుక నొక్కి చూశాను. పెళ్ళికొడుకు మా ఇద్దరి మధ్యలోంచి తల దూర్చి చూశాడు. వెనకున్నవాళ్ళు మాకూ చూపించమని తోస్తున్నారు. లోపల గొంతు గులాబీరంగులో, ఏ చుక్కా లేకుండా నున్నగా ఉంది. మేస్త్రీ గారు నోరు తెరిచే ఉంచి ఏదో చెప్పాలని తంటాలు పడుతున్నారు. "ఆ... ఆఆ..." అంటూ చేతులు ఊపుతున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మమ్మల్ని చూసి మనసు కరిగిందనుకుని, నేను గబుక్కున నాలుక మీంచి చెంచా తీశాను.

"చెప్పండి మేస్త్రీ గారూ."

"మొహంలో మొహం పెట్టి చూస్తారేమే! మూర దూరం ఉండాలని ఇన్నేళ్ళుగా చెప్పడం లేదూ?" అని, గొడుగు అడ్డం పెట్టి మమ్మల్నందరినీ వెనక్కి నెట్టారు. కొలిచినట్టు ఒక మూర చోటు చూసుకుని, వానలో నిలబడి, మళ్ళీ నోరు తెరిచారు.

"ఇప్పుడు సరిగ్గా చూడండి. ఆ..."